లివర్ కొలత మన ఊరికీ రావాలి

పోయిన నెల మా చిల్లకూరు మండలం రైతు ఒకాయన స్కానింగ్ కాగితం పట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. కడుపునొప్పని వెళ్తే 'ఫ్యాటీ లివర్, గ్రేడ్ 2' అని రాసిచ్చారు. "అన్నా, నేను చుక్క ముట్టి ఎరగను. ఊళ్లో చాటుగా తాగుతున్నాననుకుంటున్నారు. ఇంక నాకు ఎన్నేళ్లు?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. దాని అర్థమేమిటో అక్కడ ఎవరూ చెప్పలేదు. లివర్ టానిక్కులు మాత్రం కొనిపించారు.

1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన నెల్లూరు గడ్డ మనది. లివర్ జబ్బంటే తాగుడే అని మనకు అలవాటైపోయింది. తాగుడు లివర్‌ను చెడగొట్టే మాట నిజమే. కానీ షుగరు, పెద్ద పొట్ట ఉన్నవాళ్లకు తాగకపోయినా లివర్‌కు కొవ్వు పడుతుంది. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందిలో ఇది కనబడిందని 2025లో అచ్చయింది. అది కుర్చీలో కూర్చునేవాళ్ల జబ్బులే అనుకోవద్దు. మన పొలంలోనూ కోత మిషన్ కోస్తోంది, దుక్కి ట్రాక్టరు దున్నుతోంది. మూడు పూటలా తెల్లన్నం మాత్రం తగ్గలేదు.

అసలు సంగతి ఒకటుంది. కొవ్వు పట్టిన ప్రతి లివరూ చెడిపోదు. కొందరికే లోపల మచ్చలు కట్టి గట్టిపడుతుంది. ప్రాణం మీదకు తెచ్చేది ఆ గట్టితనమే. మామూలు స్కానింగ్‌లో రాసే గ్రేడ్ కొవ్వు గురించి చెబుతుంది గానీ గట్టితనం గురించి చెప్పదు. దాన్ని తెలుసుకోడానికి ఒకప్పుడు సూది గుచ్చి ముక్క తీసేవాళ్లు. ఇప్పుడు చాలామందికి ఆ అవసరం లేదు.

మొదటిది ఫిబ్-4 లెక్క. దీనికి కావలసింది వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు. వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకొని ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. ఆ రైతుకు 50 ఏళ్లు, ఎస్‌జీఓటీ 42, ఎస్‌జీపీటీ 49, ప్లేట్‌లెట్లు 2 లక్షలు, అంటే 200 వేలు. 2100ను 1400తో భాగిస్తే 1.5 వచ్చింది. 1.3 లోపు ఉంటే భయం తక్కువ. 2.67 దాటితే పెద్ద డాక్టరు దగ్గరకు వెళ్లాలి. మధ్యలో ఉంటే రెండో పరీక్ష కావాలి. 65 ఏళ్లు దాటినవాళ్లకు 1.3 బదులు 2 చూస్తారు. 35 లోపు వాళ్లకు, జ్వరంలో ఉన్నవాళ్లకు ఈ లెక్క నమ్మకం కాదు.

ఆ రెండో పరీక్షే ఫైబ్రోస్కాన్. పుచ్చకాయను కోయకుండా వేలితో తట్టి చూస్తాం కదా, అలాంటిదే. పక్కటెముకల మధ్య మిషన్ మెల్లగా తడుతుంది. లివర్ ఎంత గట్టిగా ఉంటే ఆ అల అంత వేగంగా పోతుంది. నొప్పి లేదు, కొద్ది నిమిషాల పని. 8 కిలోపాస్కల్స్ లోపు వస్తే సాధారణంగా ఊరట.

కేంద్ర ప్రభుత్వం 2021లోనే ఫ్యాటీ లివర్‌ను షుగరు, బీపీ, క్యాన్సర్ల జాతీయ కార్యక్రమంలో చేర్చింది. ఆశా అమ్మాయి మన నడుం కొలత రాసుకుంటోంది. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త అంటుంది. రాసుకున్నాక ఏం చేశారన్నదే నా ప్రశ్న. వడ్ల తేమ 17 శాతం దాటిందని బస్తా వెనక్కి పంపేటప్పుడు మీటరు క్షణంలో వస్తుంది. రైతు ఒంటికి మాత్రం కొలత లేదా?

అందుకే మన సంఘం రెండు డిమాండ్లు పెట్టాలి. షుగరు, ఊబకాయం ఉన్నవాళ్లకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఈ రక్తపరీక్షలు చేసి ఫిబ్-4 అంకె చీటీ మీద రాయాలి. గూడూరులో నెలకొక రోజైనా ఫైబ్రోస్కాన్ ఉచితంగా చేయాలి.

మన వంతూ ఉంది. బరువులో 5 శాతం తగ్గితే కొవ్వు తగ్గుతుంది, 10 శాతం తగ్గితే మచ్చలూ తగ్గే వీలుంది. ఆ రైతు టానిక్కులు మానేసి, పొద్దున్నే చేను దాకా నడుస్తున్నాడు. ఫైబ్రోస్కాన్ కోసం మాత్రం చెన్నై బస్సెక్కాల్సి వచ్చింది. ఆ బస్సు ఖర్చు ఇంకో రైతుకు పడకూడదు.