నిక్షేపమా, భిక్షమా?

మన ధర్మశాస్త్రకారులు వ్యవహారపదములను పదునెనిమిదిగా విభజించి, ఋణాదానము వెంటనే నిక్షేపమునకు చోటిచ్చిరి. నమ్మకముతో ఒకనివద్ద దాచిన సొమ్ము నిక్షేపము. దానిని అడిగినప్పుడు మరల నీయనివానిని, దాపకయే దాచితినని వచ్చి యడుగువానిని, ఇరువురను దొంగలవలెనే దండింపవలెనని మనుస్మృతి చెప్పుచున్నది. ఆ స్మృతియందు, ముఖ్యముగా స్త్రీల విషయమున, నేడు మన మంగీకరింపరానివి పెక్కులు కలవు. ఐనను ఈ యొక్క విధి తూకము తప్పనిది. మోసగాడు ఇరుప్రక్కల నుండవచ్చునని అది యెఱుగును. నేటి కార్యాలయములు రెండవవానినే యెఱుగును. సొమ్ము అడుగవచ్చిన ప్రతి వితంతువునందును, ప్రతి తండ్రిలేని బిడ్డయందును వానినే చూచును.

నేను చెప్పబూనినది ఉద్యోగముతోపాటు వచ్చెడి జీవిత బీమాను గూర్చి. ఇది తానై పోయి కొనుక్కొన్న బీమా వంటిది కాదు. అట్టిదానికి పత్రము ఇంటిలో నుండును. ఏజెంటు ఏటేట వచ్చి గుర్తుచేయును. ఉద్యోగపు బీమాకు మూలపత్రము యజమానివద్ద నుండును. లెక్క బీమా సంస్థవద్దనో ప్రావిడెంటు ఫండు కార్యాలయమునందో యుండును. ఇంటివారివద్ద నుండునది ఏమి? అట్టి సొమ్మొకటి కలదన్న సంగతియైనను తెలిసియుండదు. తెలిసిన యొక్కడు చనిపోయినాడు. తెలిసిన రెండవవాడు, అనగా యజమాని, నోరు మెదపడు.

బీమా మన తెలుగునాటికి క్రొత్తది కాదు. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1925లోనే మచిలీపట్టణమున ఆంధ్రా ఇన్ష్యూరెన్సు కంపెనీని స్థాపించిరి. 1956లో దేశమందలి జీవిత బీమా వ్యాపారమంతయు ప్రభుత్వపరమయ్యెను. 1976లో ప్రావిడెంటు ఫండునకు అనుబంధముగా ఉద్యోగుల బీమా పథక మొకటి యేర్పడెను. దీనికి పనివాడు ఒక్క పైసయు కట్టనక్కఱలేదు. వాని జీతముపై నూటికి అర్ధరూపాయి చొప్పున యజమానియే కట్టును. ఉద్యోగములో నుండగా పనివాడు మరణించినచో, చివరి పండ్రెండు నెలల సగటు జీతమునకు 35 రెట్లును, ఫండులోని సగటు నిలువలో సగమును కుటుంబమునకు చెందును. జీతమును 15,000 రూపాయలకు మించి లెక్కింపరు. నిలువలో సగమును 1,75,000కు మించనీయరు. ఇట్లు 2021 నుండి దీని గరిష్ఠ పరిమితి ఏడు లక్షలు. శాసనకర్తల తలంపు మంచిదే. పేదవాని మరణము వాని యింటికి రెండవ మరణము కాకుండుటకే యీ యేర్పాటు.

తలంపునకును అనుభవమునకును ఎంత దూరమో చూడుడు. మా పట్టణమున ఒక కర్మాగారమునకు గుత్తదారుని ద్వారా కుదిరిన కాపలాదారు నలువదియాఱవ యేట గుండె ఆగి మరణించెను. వాని పెద్దకుమార్తె నావద్ద పదవ తరగతి చదువుచుండెడిది. భార్య కర్మాగారమునకు పోగా, నీ భర్త మా మనిషి కాడు, గుత్తదారుని మనిషి యనిరి. గుత్తదారుని కడకు పోగా, ఆ గుత్త ముగిసినది, కాగితములు పాత గుమాస్తావద్ద నున్నవనెను. ప్రావిడెంటు ఫండు కార్యాలయమునకు పోగా, యజమాని సంతకము లేక దరఖాస్తు చెల్లదనిరి. సంస్థ మూతపడిన యెడల గజెటెడు అధికారియో, బ్యాంకు మేనేజరో, సర్పంచియో ధ్రువపఱచినను చాలునన్న సదుపాయము కలదు. గుత్తదారుని ద్వారా వచ్చిన పనివాని చందాకు మూల యజమానియు బాధ్యుడే. ఈ రెండు ముక్కలలో ఒక్కటియు ఆమెకు ఏ కిటికీలోనుండియు వినబడలేదు. మరణ ధ్రువపత్రము, తహసీలుదారు ఇచ్చు కుటుంబసభ్యుల ధ్రువపత్రము, బ్యాంకు చెక్కు, ఒక్కొక్కటియే తెమ్మనిరి; అన్నియు ఒక్కసారి చెప్పినవాడు లేడు.

సొమ్ము పదునాలుగు నెలలకు వచ్చెను. నాలుగు లక్షలకు మించియే వచ్చెను. కాని ఈ లోపల ఆమె అంత్యక్రియలకును ఇంటియద్దెకును నూటికి మూడు రూపాయల వడ్డీపై అఱువది వేలు తెచ్చియుండెను. పదునాలుగు నెలల వడ్డీ 25,200 రూపాయలు. అంతకంటె పెద్దనష్టము లెక్కకు రానిది. తల్లికి చదువురాదు గనుక కాగితములు పట్టుకొని తిరిగినది కుమార్తె. ఆ యేడు పరీక్షకు కూర్చుండలేదు; తరువాత బడికి రానేలేదు. ఆలస్యముగా వచ్చినను సొమ్ము వచ్చినది గదా యని సమాధానపడువారు ఆ పిల్లకు జవాబు చెప్పవలయును.

ఆలస్యమునకు మూలమేమని విచారింపగా తేలినది ఒక పేరు. మన తెలుగువారికి ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత. కార్యాలయపు పుస్తకములో ఇంటిపేరు ఒక్క పొడియక్షరమైనది. ఆధారు కార్డులో అదియే పూర్తిగా పేరుచివరకు పోయినది. 'రావు' అను రెండక్షరములను ఆంగ్లలిపిలో మూడు నాలుగు విధముల వ్రాయుదురని ఆంగ్లము చెప్పెడి నాకు తెలియును. అది వ్రాసికొన్న గుమాస్తాకును తెలియును. భార్య పేరు రేషను కార్డులో ఒక తీరు, బ్యాంకు పుస్తకములో ఒక తీరు. ఈ తప్పులలో ఒక్కటియు ఆమె చేసినది కాదు. కాని నా భర్తయే నా భర్తయని ఋజువు చేయవలసినది ఆమెయే యైనది! నెల నెల చందా కట్టించుకొనునప్పుడు అడ్డురాని పేరు, చెల్లింపవలసినప్పుడు అడ్డువచ్చుట యేమి న్యాయము?

దొంగ దరఖాస్తులు వచ్చును గదా, పరిశీలింపవలదా యని అధికారులు అడుగుదురు. పరిశీలింపవలదని నేననను. కాని పరిశీలించుట ఎవరి పని? పనివాడు చనిపోయినాడని హాజరుపట్టీలో మొదట వ్రాసికొన్నది యజమాని. జీతము, చేరిన తేదీ, నామినీగా వ్రాసిన పేరు, సమస్తమును వానివద్దనే యున్నవి. తెలిసినవాడు ఊరకుండి, తెలియనిదానిచేత ఋజువు చేయించుట పరిశీలన కాదు, వేధింపు. యజమానికి తీరిక లేదందురా? చందా ప్రతినెలయు గడువులోపల చేర్పనిచో అపరాధరుసుము పడునని తెలిసి దానికి తీరిక చేసికొనుచున్నాడు. శిక్ష యెచట నుండునో తీరిక అచట నుండును. 2015లో ప్రావిడెంటు ఫండు దరఖాస్తుల పరిష్కారమునకు గడువును ముప్పది దినములనుండి ఇరువదికి తగ్గించిరి, మంచిపని. కాని ఆ గడువు దరఖాస్తు సక్రమముగా చేరిన నాటినుండియే గదా! చేరకముందు గడచిన పదునాలుగు నెలలకు గడువు పెట్టినవా డెవడు?

ఇక తప్పంతయు కార్యాలయములపై త్రోసి మనము చేతులు కడుగుకొనరాదు. గృహస్థులారా, మీ జీతమెంతయో, బీమా యెంతయో, నామినీ యెవరో మీ భార్యలకు తెలియునా? చావుమాట ఎత్తుట అశుభమందుము. సంకల్పము చెప్పుకొనునప్పుడు ఆయురారోగ్యములు కోరుకొనువాడు, మృత్యువు కలదని యెఱిగియే గదా కోరుచున్నాడు? కాగితములు ఆడువారి కెందుకనుట మఱొక దురాచారము. పెండ్లికి ముందు అన్నగారి పేర వ్రాసిన నామినీపత్రమును బిడ్డలు పుట్టినను మార్పని చదువుకొన్నవారు మనలో నెందఱో! కుటుంబము లేనినాడు పరులపేర వ్రాసినది కుటుంబ మేర్పడగనే చెల్లదని ప్రావిడెంటు ఫండు నిబంధన. బీమాపత్రములో నామినీ సొమ్ము నందుకొను చేయియే గాని హక్కుదారు కాడని 1983లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పుచెప్పెను. 2015లో శాసనమును సవరించి, నామినీలు తల్లిదండ్రులు, భార్య లేక భర్త, బిడ్డలైనచో వారికే లాభము చెందవలెనని వ్రాసిరి. ఐనను వ్యాజ్యములు ఆగలేదు. అన్నగారి చేతికి చేరిన సొమ్మును వదినగారి యెదుట నిలిచి అడుగగల వితంతు వెవతె? ఆమెకు న్యాయస్థానము పదిమైళ్ల దూరము కాదు, పదేండ్ల దూరము.

వీరేశలింగము పంతులుగారు 1881లో రాజమహేంద్రవరమున వితంతు వివాహము జరిపించినప్పుడు ఆనాటి వితంతువును బంధించినది ఆచారము. నేటి వితంతువును బంధించుచున్నది కాగితము. ఆచారమునకు శాస్త్రప్రమాణము చూపిన పండితుల స్థానమున నేడు నిబంధన చూపెడి గుమాస్తాలున్నారు. ఉభయులును నేను చేయునదేమున్నది, వ్రాసియున్నది యనువారే.

కావున మనము కోరవలసినవి మూడు. ఒకటి: పనివాడు చనిపోయిన ముప్పది దినములలో దరఖాస్తును ప్రారంభింపవలసిన భారము యజమానిదిగా ఉండవలయును, ఆలస్యమునకు వడ్డీ వానిచేతనే కట్టింపవలయును. రెండు: ఏటికొకసారి బీమా మొత్తము, నామినీ పేరు, అడుగవలసిన చోటు వ్రాసిన చీటి పనివానికే గాక నామినీకిని తెలుగులో పంపవలయును. మూడు: పేరులోని భేదములను ఉద్యోగి బ్రదికియుండగనే, చేరిన యేడాదిలోపల సవరింపవలయును; అట్లు సవరింపని తప్పును మరణానంతరము కుటుంబముపై మోపరాదు. ఇంటిలో మనము చేయవలసినది ఇంతకంటె సులువు. ఒక నోటుపుస్తకమున ఈ సంగతులన్నియు వ్రాసి, పెండ్లినాడును బిడ్డ పుట్టిననాడును నామినీపత్రమును తిరిగి చూచి, ఆ పుస్తకమెచట నున్నదో ఇల్లాలికి చెప్పుట.

ఇంకొక్క సంగతి. ఎవరును అడుగక పదేండ్లు నిలిచిపోయిన బీమా సొమ్ములు వృద్ధుల సంక్షేమనిధికి పోవును. అచటను ఇరువదియైదేండ్లు అడుగనిచో కేంద్రప్రభుత్వమున కలిసిపోవును. అడుగువారు లేరని వ్రాసికొందురు గాని, అడుగవలెనని తెలియనివారెందఱో, అడిగి అడిగి అలసినవారెందఱో వ్రాసికొనరు. నిక్షేపమును దాచినవాడు పరలోకమునకు పోయినను నిక్షేపము నిక్షేపమే. దానిని కుటుంబపు గుమ్మమునకు చేర్చువఱకు పుచ్చుకొన్నవాడు ఋణస్థుడే. ఆ యింటివారు కిటికీముందు చేతులు జోడించి నిలువవలసినంతకాలము మనము దానిని బీమా యని పిలువరాదు. అది భిక్షము, ఆ భిక్షమునకు సిగ్గుపడవలసినది యిచ్చువాడు, పుచ్చుకొనునది కాదు.