వెదురు గొట్టంలో కాపురం

మా చిలకలూరిపేటలో గులాబీ కుండీలున్న ఇళ్లకు వెళితే నేను ముందు ఆకుల అంచులు చూస్తాను. కత్తెరతో గుండ్రంగా కత్తిరించినట్టు ఉన్నాయంటే ఇంటివాళ్లు పురుగు పట్టిందని మందు వెతుకుతారు. అది తినే పురుగు పని కాదు, ఆకు కత్తిరించుకుపోయే ఒంటరి తేనెటీగ పని. దానికి పట్టు లేదు, రాణి లేదు, కూలీలు లేరు. ఆడ ఈగ ఒక్కతే ఇల్లు కట్టి, మేత కూర్చి, గుడ్డు పెట్టిపోతుంది. పిల్ల మొహం చూడదు. కాపలా కాయాల్సిన తేనె లేదు గనుక మనల్ని కుట్టడమూ అరుదే.

దాని కాపురం చూడటానికి ఖర్చేమీ లేదు. పెన్సిలంత బొర్ర ఉన్న వెదురు ముక్కల్ని జానెడు చొప్పున, వెనక కణుపు ఉండేలా కోసి, కట్టగట్టి, జల్లు కొట్టని చూరు కింద కదలకుండా బిగించాలి. తూర్పు ముఖం మంచిది, మన ఎండలకు పడమటి గోడ వద్దు. గొట్టంలో ఈగ వరసగా గదులు కడుతుంది: కోలగా కోసిన ఆకు ముక్కలు గది గోడలకు, గుండ్రటివి మూతలకు. ఒక్కో గదిలో పుప్పొడి ముద్ద, దాని మీద ఒక్క గుడ్డు. లోపలి గదులు ఆడపిల్లలకు, వాకిలి పక్కవి మగపిల్లలకు. ముందు బయటపడేది మగవే మరి.

పుప్పొడిని ఇది కాళ్లకు కాదు, పొట్ట కింది నూగుకు అంటించుకుని తెస్తుంది. కంది పూతంటే దీనికి మహా ఇష్టం. పటాన్‌చెరు ఇక్రిశాట్ కృషితో 1991లో కంది హైబ్రిడ్ ఐసీపీహెచ్-8 విడుదలైంది. పప్పుధాన్యాల్లో ప్రపంచంలోనే అది మొదటిది. అలాంటి విత్తన పొలాల్లో మగ సాళ్ల పుప్పొడిని ఆడ సాళ్లకు చేర్చేది ఈ ఈగల్లాంటివే.

అదే కట్టలో కొన్ని గొట్టాల మూతికి మట్టి మెత్తి ఉంటుంది. అది కందిరీగ ఇల్లు. భ్రమర కీటక న్యాయమని పెద్దలు చెప్పింది దీని చుట్టాల్ని చూసే: చుట్టూ తిరిగి ఝుంకారం చేస్తే పురుగు కాస్తా భ్రమరమవుతుందట. లోపల జరిగేది వేరు. తల్లి పురుగును కుట్టి, చచ్చుబడేసి గదిలో కుక్కుతుంది. పిల్ల దాన్ని ప్రాణంతో ఉండగానే తినేస్తుంది. వేదాంతం కన్నా నాకిదే నచ్చింది. శనగపచ్చ పురుగును ఎత్తుకొచ్చే జాతులూ వీటిలో ఉన్నాయి. 1987-88లో గుంటూరు, ప్రకాశం పత్తి రైతుల్ని ముంచిన పురుగుల్లో అదొకటి.

కట్ట వేలాడదీస్తే పురుగు పీడ వదులుతుందని మాత్రం అనను. 2021లో మన మిరపను తినేసిన నల్ల తామర పురుగు జోలికి ఇవి పోవు. అయినా ప్రతి రైతు సేవా కేంద్రం గోడకూ ఒక కట్ట ఉండాలంటాను, రైతు ఆగి చూడటానికి. పూతకొచ్చిన కందికి మందు తప్పదనుకుంటే పొద్దువాలాక కొట్టండి, అప్పటికి ఈగలు గూటికి చేరతాయి.