అచ్చుకెక్కని పసుపు

అల్ ఖర్జ్‌లోని ఒక తెలుగు వంటింట్లో కూరగాయలు తరుగుతూ వేలు తెగిన ఇల్లాలు ముందుగా వెతికేది పసుపు డబ్బానే. ఆ పసుపు దుగ్గిరాలదో, నిజామాబాదుదో కావచ్చు. ఆ వైద్యాన్ని ఆమెకు నేర్పినది గ్రంథం కాదు, అమ్మమ్మ. సరిగ్గా అందుచేతనే, అమెరికా పేటెంటు కార్యాలయపు పునఃపరిశీలనలో అమ్మమ్మ మాట సాక్ష్యంగా నిలవదు.

1995 మార్చిలో, గాయాలు మాన్పడానికి పసుపును వాడే విధానంపై మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి 5,401,504 సంఖ్యతో అమెరికా పేటెంటు లభించింది. మరుసటి ఏడు భారత శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి దానిపై పునఃపరిశీలన కోరింది. సంస్కృత గ్రంథాలు, 1953 నాటి ఒక వైద్య పత్రికా వ్యాసంతో సహా 32 ఆధారాలను సమర్పించింది. 1997లో ఆ పేటెంటులోని హక్కులన్నీ తిరస్కృతమైనాయి. దీనిని విజయగాథగా చెప్పుకోవడం మనకు అలవాటైంది. ఆ గర్వంలో అసలు ప్రశ్న మరుగున పడింది: అచ్చుకాగితం దొరకకపోయి ఉంటే?

ఆనాటి అమెరికా చట్టం ప్రకారం విదేశాలలోని వాడుక లెక్కకు రాదు. పేటెంటు పత్రమో, ముద్రిత రచనో ఉండాలి. 2011 చట్టం ఆ సరిహద్దును చెరిపివేసినా, పునఃపరిశీలన కోరేవారు చూపవలసినవి నేటికీ పాత పేటెంట్లూ, ముద్రిత రచనలే. రుసుము చెల్లించి తలుపు తట్టినవాడు, విచారణ మొదలైన తరువాత దాదాపు బయటే నిలబడాలి. లోపల సంభాషణ పరిశీలకునికీ, హక్కుదారునికీ నడుమనే. తప్పు చేసినది కార్యాలయం, దిద్దించే ఖర్చు ఇతరులది.

నోటిమాటను కల్పించవచ్చు, అచ్చు అక్షరం మారదు అని సమర్థకులు అంటారు. కొట్టివేయదగిన వాదం కాదు. కానీ నోటి సాక్ష్యాన్ని తూచడం న్యాయస్థానాలు నిత్యం చేసే పనే. భారత పేటెంటు చట్టం 25వ సెక్షను, స్థానిక సమాజాలలో మౌఖికంగా ఉన్న జ్ఞానాన్ని సైతం అభ్యంతరానికి ఆధారంగా అంగీకరిస్తుంది. పేటెంటు మంజూరైనట్లు ప్రచురించిన ఏడాది లోపు ఆసక్తి గల ఎవరైనా ఆ అభ్యంతరం చెప్పవచ్చు. కష్టమైన పనిని అసాధ్యమనడం న్యాయం కాదు, సౌకర్యం.

అయితే నింద అంతా వాషింగ్టన్‌కే అంటగట్టడమూ ఆత్మవంచనే. పరాయి పేటెంట్లకు అడ్డుకట్టగా 2001లో మొదలైన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం తన మూలభాషలుగా పేర్కొనేవి సంస్కృతం, హిందీ, అరబ్బీ, పారశీకం, ఉర్దూ, తమిళం. ఆ వరుసలో తెలుగు లేదు. అల్ ఖర్జ్ వీధిలో వినిపించే భాషకు అక్కడ చోటున్నది. అదే ఊరి వంటింట్లో వినిపించే తెలుగుకు లేదు. ‘వస్తుగుణదీపిక’ వంటి గ్రంథం తెలుగువారి అలమరలలో ఉండి కూడా పరిశీలకుని కంటికి అందనప్పుడు, అచ్చయిన అక్షరమూ అమ్మమ్మ మాటతో సమానమే.

పునఃపరిశీలన నియమం మారాలని కోరడం ధర్మమే. అది మారేలోపు, ఉన్న పుస్తకాలనైనా పరిశీలకుని బల్లమీదికి చేర్చడం తెలుగు విశ్వవిద్యాలయాల, ప్రభుత్వాల బాధ్యత. ప్రతిసారీ 32 ఆధారాలు వెతికి తెచ్చే సంస్థ ఒకటి సిద్ధంగా ఉంటుందన్న భరోసా ఏదీ లేదు.