పాయింటర్ అంటే విలాసమే కదా!

కంప్యూటర్ పేపర్లో పాయింటర్ల పాఠం రాగానే మన ఆర్ట్స్ వాళ్లకి అందరూ ఇచ్చే సలహా ఒకటే: "అర్థం కాకపోయినా పర్లేదు, ప్రోగ్రాం బట్టీ పట్టేయండి." ఈ సలహా మనకి మేలు చేయదని నా అభిప్రాయం. మన మాటల్లో చెప్తే ఆ పాఠం అంత కష్టమేం కాదు.

ఒక విద్యార్థిని పేరుకి 30 బైట్లు, మార్కులకి 4 బైట్లు అనుకుందాం. రెండూ కలిపి ఒక కట్టగా కడితే అదే స్ట్రక్చర్. ఎంతమంది చేరతారో ముందే తెలియనప్పుడు, ప్రోగ్రాం నడుస్తుండగా మెమరీలో చోటు అడగాలి. అడగడానికి వాడేది మాలాక్. అది చోటు చూసిపెట్టి, దాని విలాసం మన చేతికిస్తుంది. ఆ విలాసం రాసిపెట్టుకునేదే పాయింటర్. చోటు దొరక్కపోతే 'నల్' వస్తుంది. అందుకే వాడేముందు చూసుకోవాలి.

విలాసం వేరు, ఇల్లు వేరు. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలా తప్పులు తప్పుతాయి. 64 బిట్ కంప్యూటర్లో పాయింటర్ సైజు మామూలుగా 8 బైట్లు. మన స్ట్రక్చర్‌కి మధ్యలో వదిలే 2 ఖాళీ బైట్లతో కలిపి 36 కావాలి. మాలాక్‌కి పొరపాటున పాయింటర్ సైజు ఇస్తే 8 బైట్లే అడిగినట్టు. మిగతా సమాచారం పక్క చోటులోకి పోయి, అక్కడున్నదాన్ని పాడు చేస్తుంది.

పని అయ్యాక ఫ్రీ చేసి చోటు తిరిగి ఇచ్చేయాలి. ఇచ్చేశాక కూడా పాయింటర్లో పాత విలాసం అలాగే ఉంటుంది. దాన్ని మళ్లీ వాడితే, ఖాళీ చేసిన ఇంట్లోకి అడగకుండా వెళ్లినట్టే. ఫ్రీ చేయకముందే విలాసం పోగొట్టుకున్నామా, ఇక ప్రోగ్రాం ముగిసేదాకా ఆ చోటు ఎవరికీ పనికిరాదు.

పరీక్ష ఇంగ్లీషులోనే కదా, తెలుగెందుకు అంటారు. మా ఇంట్లో అమ్మది తెలుగు, నాన్నది తమిళం. విలాసం అన్న మాట ఇద్దరికీ తెలుసు. పాయింటర్ పేరు మార్చమని నేను అనట్లేదు. వివరణ మాత్రం ఇంటి మాటల్లో ఉండాలి. బట్టీ పట్టినవాళ్లు ప్రశ్న కొంచెం మారితే ఆగిపోతారు. అర్థమైనవాళ్లు ఆ జవాబు ఇంగ్లీషులోనూ రాయగలరు.

ఈ గోడపత్రికలో నెలకొక కంప్యూటర్ పాఠం తెలుగులో పెడదాం. కంప్యూటర్ సైన్స్ అక్కలు తప్పులు దిద్దితే చాలు, రాయడానికి మనం ఉన్నాం.