నొప్పి తెలియని కాలు

మిరప కల్లముల కాలములో మన ఇండ్లలో కాళ్ల బాధ లేని మనిషి అరుదు. నల్లరేగడి మట్టి కాలిలోని తేమంతా లాగివేయును. మడమలు పగులును. ఆ పగుళ్లలో మిరప ఘాటు చేరినదంటే రాత్రి నిద్ర ఉండదు.

అట్టివేళ మన అమ్మమ్మల వైద్యము చాలామట్టుకు మంచిదే. గోరువెచ్చని నీళ్లలో పావుగంట కాళ్లు నానబెట్టి, మెల్లగా రుద్ది, తుడిచి వెంటనే ఆముదమో కొబ్బరినూనెయో పట్టిస్తే మడమ మెత్తబడును. మిరప మంటకు మాత్రం ఉత్త నీళ్లు చాలవు. మంట పుట్టించే పదార్థము నూనెలో కరుగును గాని నీటిలో సరిగా కరగదు. మొదట నూనె రాసి గుడ్డతో తుడిచి, ఆ తరువాత సబ్బుతో కడగండి. వేళ్ల సందులలో నూనె వద్దు, అక్కడ పొడిగా ఉండవలెను.

ఆనెకాయలకు నల్లజీడి రసము పెట్టుట, ముల్లు దిగినచోట జిల్లేడు పాలు పోయుట నాకు సమ్మతము కాదు. రెండూ చర్మమును పొక్కించును. పత్తి మోడు గుచ్చుకొన్న గాయముపై పేడ పెడితే ధనుర్వాతము రావచ్చును. సబ్బుతో కడిగి, ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు వెళ్లి టీకా సంగతి అడగండి.

ఇదంతా నొప్పి తెలిసే కాలికి. నొప్పి తెలియని కాలి సంగతి వేరు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల చేతులను, పాదములను ఏండ్ల తరబడి పరీక్షించెను. వేళ్లు వాటంతట అవి కుళ్లి రాలుటలేదని, స్పర్శ పోయినందున తెలియకుండా తగిలిన దెబ్బలు, కాలిన గాయములే ముఖ్య కారణమని ఆయన చూపించెను. షుగరు జబ్బు ముదిరిన కాలికీ ఇదే గతి. నొప్పి లేదు గదా అని పసుపు అద్ది ఊరకుంటే, చివరకు ఆ కాలు తీసివేయవలసి రావచ్చును. తిమ్మిరి పట్టిన కాలిని వేడినీళ్లలో పెట్టరాదు, బొబ్బలెక్కినా తెలియదు. అట్టి కాలికి చిన్న పుండైనా ఇంటి వైద్యము కూడదు. స్పర్శ లేని మచ్చ కనబడినా అంతే. కుష్ఠుకు మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము. 6 నుండి 12 నెలలు వాడితే చాలును.

ఆసా రాజు పాదముల జబ్బుకు వైద్యులను ఆశ్రయించి తప్పు చేసెను గదా అని కొందరు పెద్దలు అడుగుదురు. దేవుని విడిచిపెట్టుట ఆయన తప్పు గాని వైద్యుని పిలుచుట కాదు. హిజ్కియా పుండుకు అంజూరపు ముద్ద చెప్పినవాడు యెషయా ప్రవక్తయే గదా!

షుగరు ఉన్నవారు పొలములోనైనా వట్టి కాళ్లతో నడవరాదు. చెప్పులు దులిపి తొడుగుకొనవలెను. రాత్రి పడుకొనక ముందు అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకొనవలెను. చూపు ఆనని తాతయ్యలకు మనుమలు సెల్‌ఫోను లైటుతో చూసి చెప్పవచ్చును.