రోగి కాగితములు ఎవరి సొత్తు?

గుంటూరునకో, వరంగల్లునకో, విశాఖపట్టణమునకో వైద్యము కొఱకు వచ్చు పల్లెకుటుంబములను మన పాఠకులు చూచియే యుందురు. ఇంటి పెద్ద చేతిలో నొక సంచి యుండును. అందు ఎక్సురే ఫిల్ములు, రక్తపరీక్షల కాగితములు, మందుల చీటీలు ఏండ్ల తరబడి మడతలు పడి యుండును. వైద్యుడు వానిలో ఒకటి రెండు చూచి, తక్కినవి ప్రక్కకు నెట్టి, పరీక్షలన్నియు మరల వ్రాయును. రోగికి ఫలానా మందు పడదని తెలుపు ఒక్క పంక్తి ఆ సంచిలో కనబడకపోయినచో ప్రాణమునకే ముప్పు రావచ్చును. ఆ సంచి కేవలము కాగితముల మూట కాదు. అది యొక మనుష్యుని ఆరోగ్యచరిత్ర. దానిపై అధికారమెవరిది?

ఈ సంచికి మాఱుగా ప్రభుత్వము నూతనమైన యేర్పాటొకటి చేసినది. 2021 సెప్టెంబరు 27వ తేదీన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటను ప్రారంభింపబడినది. కోరినవారికి ఇందు 14 అంకెల ‘ఆభా’ సంఖ్య యొసగబడును. ఒక ఆసుపత్రిలో వ్రాయబడిన రికార్డు రోగి యనుమతితో మఱొక ఆసుపత్రిలోని వైద్యునకు కనబడును. ఉద్దేశము మంచిదే. దానిని మేము స్వాగతించుచున్నాము. కాని ఆసుపత్రి కిటికీల యొద్ద వినబడు క్రొత్త మాటల యర్థము ప్రజలకు తెలియనంతకాలము, ఈ యేర్పాటు వలన కలుగవలసిన హక్కు కాగితము మీదనే నిలిచిపోవును.

ఆ మాటలలో మూడింటిని మొదట వేఱు చేసి చూడవలెను. ఒక ఆసుపత్రి తన రోగిని గూర్చి తనయొద్ద యంత్రమున వ్రాసియుంచుకొనునది ఎలక్ట్రానిక్ మెడికల్ రికార్డు. పెక్కు ఆసుపత్రుల వ్రాతలు కూడి, ఒక మనుష్యుని ఆరోగ్యవృత్తాంతముగా నేర్పడునది ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డు. రోగియే తన చేతియందుంచుకొని, తాను కోరినవారికి చూపునది పర్సనల్ హెల్త్ రికార్డు. మొదటిదానికి కాపరి ఆసుపత్రి. కడపటిదానికి కాపరి రోగియే. ఈ భేదము తెలియనివాడు తన చేతిలో నుండవలసిన దానిని సయితము ఇతరులను యాచించును.

ఆభా సంఖ్య తీసికొన్నచో మన రోగములన్నియు ఢిల్లీలో నొకచోట పోగగునని పలువురు భయపడుచున్నారు. ఆ భయమునకు ఆధారము లేదు. రికార్డు ఎచ్చట పుట్టినదో అచ్చటనే యుండును. సంఖ్య దానిని వెదకి కలుపు గుర్తు మాత్రమే. అయితే వేఱొక భయమునకు కారణమున్నది. రికార్డుకు గల రక్షణ, దానిని దాచిన ఆసుపత్రి జాగరూకతను మించియుండజాలదు. 2022 నవంబరులో ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థ యంత్రములపై దాడి జరుగగా, దినముల తరబడి అచ్చటి పనులు చేతివ్రాతతో సాగవలసివచ్చెను. అంతటి సంస్థకే యట్టి గతి పట్టినప్పుడు, మన జిల్లా పట్టణములలోని నర్సింగు హోముల మాట యేమి?

ఇక అన్నింటికంటె ముఖ్యమైన మాట సమ్మతి. ఏ రికార్డును, ఎవరికి, ఎంతకాలము చూపవలెనో నిర్ణయించువాడు రోగి. ఇచ్చిన సమ్మతిని మరల తీసికొను నధికారమును అతనిదే. 2023లో చేయబడిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ శాసనము, సమ్మతి స్వేచ్ఛగా, తెలిసి, నిర్దిష్టమైన కార్యమునకే యీయబడవలెనని విధించినది. సమ్మతి నడుగు ప్రకటనను ఇంగ్లీషున గాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనియందు గాని చదువుకొను వీలు కల్పింపవలెననియు అందు గలదు. తెలుగు ఆ భాషలలో నొకటి. శాసనము ఇట్లుండగా, మన యాసుపత్రులలో ఇంగ్లీషు కాగితము ముందుంచి, “ఇక్కడ సంతకము పెట్టు” మనుట సమ్మతి యగునా? చదువలేని భాషలో పెట్టిన సంతకము, వడ్డీవ్యాపారి పత్రముపై నిశానీ వంటిదే.

ఇదంతయు పడమటి దేశములనుండి వచ్చిన సున్నితమని కొందఱందురు. అది పొరపాటు. రోగి యింట తెలిసికొన్న సంగతులను వెలుపల చెప్పరాదని చరకసంహిత శిష్యునకు ఉపదేశించుచున్నది. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. క్షయయో, గర్భస్రావమో, మనోవ్యాధియో బయటపడిన కారణమున పెండ్లి తప్పినవారును, కొలువు పోయినవారును మన పేటలలోనే యున్నారు. వారి కిది సున్నితపు విషయము కాదు, బ్రతుకు.

యంత్రముల సంగతి యటుండగా, చిరకాలముగా నున్న హక్కునే మనము వాడుకొనుట లేదు. 2002 నాటి వైద్యవృత్తి నియమముల ప్రకారము, ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డులను చికిత్స మొదలైన దినమునుండి మూడేండ్లు భద్రపఱుపవలెను; రోగి కోరినచో 72 గంటలలో వాని నియ్యవలెను. ఎందఱు రోగులకు ఈ సంగతి తెలియును? తెలిసియు ఎందఱు అడుగుచున్నారు?

కావున మేము కోరునవి మూడు. సమ్మతి పత్రములు ప్రజలకు తెలియు తెలుగులో నుండవలెను. ఆభా సంఖ్య ఐచ్ఛికమైనది గావున, అది లేదని యెవరికిని చికిత్స నిరాకరింపరాదు. 72 గంటల నియమమును ప్రతి యాసుపత్రి గోడపై పెద్దయక్షరములతో వ్రాయింపవలెను. ఇవి ప్రభుత్వమును, ఆసుపత్రులును చేయవలసిన పనులు. పఠనమందిరములకు వచ్చు మిత్రులు చేయదగినది మఱొకటి గలదు. మీ పేటలో ఆసుపత్రికి పోవు పేదవానికి తోడుగా నొకరు పొండు. సంతకమునకు ముందు ఆ కాగితమును చదివి వినిపింపుడు. తిరిగి వచ్చునప్పుడు డిశ్చార్జి సమ్మరీ ప్రతిని అడిగి తెప్పింపుడు. అడుగువా డొకడు పుట్టిననాడు ఇచ్చువాడును పుట్టును.