కాన్పులు దవాఖానలో... ఒళ్ళు పట్టడం మాత్రం వాకిట్లోనే

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలలో కాన్పు చేసే మంత్రసాని దాదాపు కనుమరుగైనది. కానీ బాలింతకూ పసిబిడ్డకూ నూనె రాసి, ఒళ్ళు పట్టి, వేడినీళ్ళు పోసే మనిషి అవసరం మాత్రం ఏ ఊళ్ళోనూ తీరలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు దవాఖానలలోనే జరిగాయి. 2005లో జననీ సురక్ష యోజన రావడం, 2017లో కేసీఆర్ కిట్ల పంపిణీ మొదలు కావడం ఇందుకు తోడ్పడ్డాయి. ఇది సంతోషించవలసిన విషయమే. అయితే తల్లి నాలుగు రోజులకో వారానికో బిడ్డతో ఇల్లు చేరుతుంది. ఆనాటి నుంచి ఇరవై ఒకటో రోజు దాకా, కొన్ని ఇళ్ళలో మూడు నెలల దాకా, ఆ ఇద్దరి ఒంటిమీద పడే చేయి ఎవరిది, ఆ చేతికి ఏమి తెలుసు అన్నది అడిగే నాథుడు లేడు.

తరతరాలుగా చాలా ఊళ్ళలో ఇది మంగలి స్త్రీల పని. కాన్పు చేసిన మనిషే మర్దన కూడా చేసేది. ప్రతిఫలంగా ధాన్యం, ఇరవై ఒకటి నాడు చీర, రవికగుడ్డ ముట్టేవి. కాన్పు పోవడంతో ఆ వృత్తికి వెన్నెముక విరిగింది. కోడళ్ళు నేర్చుకోలేదు, నేర్చుకోమని పెద్దలూ అనలేదు. ఇప్పుడు మంత్రసాని దొరకని ఇళ్ళలో అమ్మమ్మలే చేస్తున్నారు. కొందరు ఫోన్‌లో బొమ్మ చూసి చేస్తున్నారు.

అసలు చిక్కు మరొకటి ఉన్నది. అదే సర్వే ప్రకారం రాష్ట్రంలో నూటికి 60.7 కాన్పులు పెద్దాపరేషన్లే. పాత మర్దన పద్ధతి సాధారణ కాన్పుకు పుట్టినది. పొట్ట నొక్కడం, గుడ్డతో బిగించి కట్టడం, నడుంమీద సలసల కాగే నీళ్ళు కొట్టడం అందులో భాగం. కుట్లు ఉన్న కడుపుమీద అదే చేస్తే గాయం విచ్చుకోవచ్చు, చీము పట్టవచ్చు. డాక్టరు సరేననేదాకా పొట్ట జోలికి పోరాదు. చేతులు, భుజాలు, వీపు, పాదాలు మెత్తగా పట్టవచ్చు. అదీ బాలింతను అడిగి, ఆమెకు సుఖంగా ఉన్నంత మేరకే.

పిక్కల విషయం మరీ ముఖ్యం. కాన్పు తర్వాత ఆరు వారాల దాకా కాలి నరాలలో నెత్తురు గడ్డకట్టే ప్రమాదం మామూలు కంటె ఎక్కువ. ఆపరేషన్ అయి మంచం దిగని వారికి ఇంకా ఎక్కువ. రెండు కాళ్ళూ కాక ఒక కాలే వాచి, వేడిగా ఉండి, పిక్క పట్టుకుంటే నొప్పి అంటే అది ‘వాతం’ కాకపోవచ్చు. అక్కడ పిసికితే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీయవచ్చు. ఆ కాలికి నూనె పెట్టకుండా వెంటనే దవాఖానకు తీసుకుపోవలసినదే.

పసిబిడ్డ సంగతికి వస్తే, పుట్టిన 24 గంటల దాకా స్నానం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. బరువు తక్కువైన బిడ్డకు ఇంకా ఆగాలి. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేయడం మన పల్లెలలో పాత అలవాటు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తులలోకి దిగితే నిమోనియా వస్తుంది. బిడ్డ రొమ్ములు ఉబ్బితే పాలు పిండేస్తారు. ఆ ఉబ్బు తల్లి నుంచి వచ్చిన హార్మోన్ల వల్ల కలిగేది, దానంతట అదే పోతుంది. పిండితే గడ్డ లేస్తుంది. మాడు నొక్కడం, తల గుండ్రంగా చేయాలని ఒత్తడం, కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తడం, బొడ్డులో పసుపో నూనెో వేయడం ఎంతమాత్రం కూడదు. సాంబ్రాణి పొగ వాసనకు బాగుంటుంది గాని పసి ఊపిరికి పడదు. నీళ్ళు కాగులో నుంచి నేరుగా పోయకుండా మోచేయి ముంచి చూసుకోవాలి. చేసే మనిషి గాజులు, ఉంగరాలు తీసి, గోళ్ళు కత్తిరించి, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. బిడ్డ పాలు తాగిన వెంటనే మొదలుపెట్టరాదు.

ఇన్ని ‘వద్దు’లు విని మర్దనే దండగ అనుకుంటే పొరపాటు. అమెరికాలోని మయామీలో నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు రోజుకు మూడుసార్లు, పదిహేను నిమిషాల చొప్పున, పది రోజులు మెత్తగా మర్దన చేయగా, చేయని వారికంటె 47 శాతం ఎక్కువగా బరువు పెరిగారని 1986లో ప్రకటించారు. ఢాకాలోని పిల్లల దవాఖానలో నెలలు నిండని శిశువుల ఒంటికి పొద్దుతిరుగుడు నూనె రాయగా ఇన్‌ఫెక్షన్లు తగ్గినట్లు 2005లో వెల్లడైనది. మన మంత్రసాని చేతిలో ఉన్న విద్య ఉత్తది కాదన్నమాట.

పట్నంలో ఇదే మర్దనకు స్పా అని పేరు. స్పా థెరపిస్టు కోర్సు ఉన్నది, సర్టిఫికెట్ ఉన్నది. పని మొదలుపెట్టే ముందు వచ్చిన వారిని జబ్బులేమిటి, ఆపరేషన్లేమిటి అని అడగడం అక్కడ మొదటి పాఠం. ఊళ్ళో మంత్రసానికి ఆ ఒక్క ప్రశ్న నేర్పినవారు లేరు. గతంలో ప్రభుత్వం దాయిలకు ఇచ్చిన శిక్షణ కాన్పు చుట్టూనే తిరిగింది. 2021లో క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్ల ఉచిత కరెంటు ఇచ్చారు, మంచిదే. మీటరు ఉన్న దుకాణానికి సాయం చేరింది. అదే ఇంటి ఆడమనిషి వృత్తికి మీటరు లేదు మరి!

కొత్త పథకం ఏదీ పెట్టనక్కరలేదు. దవాఖాన కాన్పు అయిన ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజులలో పోవలసి ఉన్నది. బిడ్డ బరువు, ఒంటి వేడి చూస్తుంది. ఆమె వచ్చే వేళకు తరచు స్నానం ముగిసి ఉంటుంది, మంత్రసాని వెళ్ళిపోయి ఉంటుంది. ఏడోనాటి రాక ఒక్కటైనా స్నానం వేళకు పెట్టుకుంటే ఇద్దరూ ఒకే వాకిట్లో కలుస్తారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మంత్రసానులను ఒక రోజు కూర్చోబెట్టి, బొమ్మమీద చేసి చూపినా చాలు. ఆ రోజు కూలి మాత్రం వారికి ముట్టజెప్పాలి. అది పంచాయతీ ఇవ్వాలా, వైద్య శాఖ ఇవ్వాలా అన్నది తేల్చవలసినది జిల్లా అధికారులే.